ఇంటి తీగెల అతుకులు



చెరువు తెగినదని వినగానే మనము మొదట అడుగు మాట "ఎక్కడ తెగినది?" అని. కట్ట నడుమ తెగుట అరుదు. తూము ప్రక్కననో, అలుగు మొదటనో, పాత కట్టకు క్రొత్త మన్ను పోసి అతికిన చోటనో తెగును. పాఖాల, రామప్ప, లక్నవరము చెరువుల చుట్టుప్రక్కల పుట్టి పెరిగిన పెద్దలకు ఈ సంగతి నేను చెప్పవలసిన పనిలేదు. ఇంటిలోనికి వచ్చు విద్యుచ్ఛక్తికిని ఇదే న్యాయము వర్తించును. తీగె నడుమ చెడుట అరుదు. రెండు తీగెలు కలిసిన చోటనే చెడును. ఆ చోటునకు అతుకనియు, జాయింటనియు పేరు. ఈ ప్రసంగము ఆ అతుకు చరిత్రను గూర్చినది.

గంగారము 2016వ సంవత్సరపు అక్టోబరులో మహబూబాబాదు జిల్లాలో ప్రత్యేక మండలమైనది. అంతకుముందు అది వరంగల్లు జిల్లా కొత్తగూడ మండలములోని భాగము. ఆ మండలమున ఒక పెంకుటింట పాత తీగెలను విప్పి క్రొత్తవి వేయుచుండగా నేను దగ్గఱనుండి చూచితిని. దూలముల వెంట చెక్కబద్దెలపై బిగించిన పాత అల్యూమినియపు తీగెలును, వాని నడుమ నడుమ నాలుగు రకముల అతుకులును బయటపడినవి. ఒకటి ఊరక మెలిపెట్టి నల్లటేపు చుట్టినది. ఒకటి పింగాణి దిమ్మలో మరలతో బిగించినది. ఒకటి రాగి తీగెను అల్యూమినియపు తీగెతో కలిపి మెలిపెట్టినది. దాని చుట్టు టేపు బొగ్గువలె మాడియుండెను. నాల్గవది నిన్నమొన్న ఎవరో పెట్టిన మీటగల చిన్న కనెక్టరు. ఇంటి పెద్ద మాడిన అతుకును చేతనుంచుకొని, "బల్బు వెలుగుతనే ఉండె గదా బిడ్డా, ఇది ఎప్పుడు కాలినట్టు?" అని అడిగెను. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న నూటయెనుబది యేండ్లు వెనుకకు పోవలెను.

అతుకు విద్య ఇండ్లలో పుట్టలేదు. తంతివార్తల స్తంభములపై పుట్టినది. మన దేశమున మొదట తంతిని పరీక్షించినవాడు కలకత్తాలో వైద్యుడుగా నుండిన విలియం ఓషానెస్సీ. ఆయన 1839లో కలకత్తా దగ్గఱ ప్రయోగపు తీగెను నడిపెను. పిదప 1851లో కలకత్తా నుండి డైమండు హార్బరు వఱకు తంతి పనిచేసెను. సన్నని తీగె మన దేశపు గాలివానలకును, దానిపై వ్రేలాడు కోతులకును ఆగదని ఎంచి ఆయన లావైన ఇనుప కడ్డీలను వాడెను. తంతి తీగె మైళ్లకొలది సాగును గనుక అతుకులు లేకుండ కుదరదు. ఆ అతుకు రెండు పనులు చేయవలెను: లాగినను ఊడరాదు, విద్యుత్తు పోవుటకు అడ్డు రాకూడదు.

ఈ రెండింటికొఱకు పనివారు కనిపెట్టిన కట్టు నేటికిని లైనుమనులకు తెలిసినదే. రెండు తీగెల కొనలను ఒకదానిపై నొకటి అడ్డముగ నుంచి, ఒక్కొక్క కొనను రెండవ తీగె ఒంటిపై దగ్గఱ దగ్గఱగ చుట్టుదురు. లాగినకొలది అది ఇంకను బిగియును. అమెరికాలోని తంతి సంఘము పేర దీనికి వెస్ట్రన్ యూనియన్ అతుకు అని పేరు నిలిచెను. ఇంగ్లండులో మఱియొక పద్ధతి యుండెను: రెండు కొనలను ప్రక్కప్రక్కన చేర్చి సన్నతీగెతో చుట్టి, సీసము తగరము కరిగించి పోయుదురు. దానిని బ్రిటానియా అతుకందురు. నిజాం రాజ్యపు రైలుమార్గము 1889లో బెజవాడ వఱకు సాగినప్పుడు మానుకోట మీదుగా పట్టాల వెంట తంతి స్తంభములును నిలిచినవి. మన ప్రాంతమున తీగెకు తీగె అతికిన తొలి పనివారు ఆ స్తంభములు ఎక్కినవారే యనవచ్చును. అప్పటికి ఏ ఇంటను దీపము లేదు.

తంతితీగెలో పోవు విద్యుత్తు మిగుల స్వల్పము. అతుకు చెడినచో వార్త పోదు. అంతకుమించి హాని లేదు. ఇంటి దీపము సంగతి వేఱు. 1882లో ఎడిసను న్యూయార్కులోని పెర్ల్ వీథిలో విద్యుత్కేంద్రమును నెలకొల్పి ఇండ్లకు దీపము లిచ్చెను. అదే సంవత్సరమున లండనులో తంతి ఇంజనీర్ల సంఘమువారు దీపపు తీగెల వలన కలుగు అగ్నిప్రమాదములను నివారించుటకై నియమములను ప్రకటించిరి. దీపము పుట్టిన యేడే దాని నిప్పును గూర్చిన నియమములును పుట్టినవి. అగ్ని భీమా వ్యాపారము చేయువారును తమవంతు నియమములు చేసికొనిరి. పరుల ఇండ్లు కాలినప్పుడు సొమ్ము చెల్లించువారు వారే గదా! అమెరికాలో 1897లో ఇట్టి నియమములన్నియు ఒక్క గ్రంథముగా కూర్చబడినవి. సంవత్సరముల దూరములో దానిని మరల మరల సవరించుచు నేటికిని వాడుచున్నారు.

ఆ కాలపు ఇంటి అతుకు ఎట్లుండెననగా, తీగె కొనలను శుభ్రముగ గీకి, మెలిపెట్టి, మంటతో వేడిచేసి సీసపు టాంకా పోసి, దానిపై రబ్బరు పట్టీయు, ఆపైన నల్లని గుడ్డటేపును చుట్టెడివారు. టాంకా పట్టుటకు ఆమ్లము పూసిన కొన్నాళ్లకు తీగె తినివేయబడునని గ్రహించి గుగ్గిలపు జాతి బంకను వాడ నేర్చిరి. చక్కగా చేసిన టాంకా అతుకు నూఱేండ్లు నిలిచిన ఇండ్లున్నవి. కాని చేయుట కష్టము. అటుకపైన, ఎండు కలప నడుమ, చేత మంట పట్టుకొని కూర్చుండవలెను. తొందఱపడినవాడు పైకి మెఱయునట్లు చేసి లోపల కలియని అతుకును విడిచిపోవును. చూచువానికి రెండును ఒక్కటే.

ఈ మంటను తప్పించినవాడు స్కాట్లండున పుట్టి కెనడాలోని ఆంటేరియో రాష్ట్రమునకు వలసపోయిన విలియం మార్ అను పనివాడు. ఆయన 1914లో టాంకా లేకయే మరతో అదిమిపట్టు కనెక్టరును చేసెను. నేటికిని కెనడాలో తీగెల కనెక్టరును ఆయన పేరు మీదుగ మారెట్ అని పిలుచుట కలదు. పిదప అమెరికాలో లోపల మర చుట్టలు గల టోపీ వంటి కనెక్టరు వ్యాపించెను. తీగెలను కలిపి పట్టి టోపీని త్రిప్పిన అది వానిని కఱచి పట్టును. ఇంగ్లండు వారి అలవాటు ఇత్తడి గొట్టమునకు రెండు మరలు పెట్టి పింగాణిలోనో బేకలైటులోనో కూర్చుట. మన దేశమునకు వచ్చినది ఈ రెండవది. గంగారపు ఇంట కనబడిన పింగాణి దిమ్మ ఆ వంశములోనిదే.

మన ప్రాంతమున దీపము రాకను గూర్చి ఒక్క మాట చెప్పి ముందునకు పోయెదను. హైదరాబాదు రాజ్యమున విద్యుచ్ఛాఖ 1910లో ఏర్పడెను. హుస్సేనుసాగరపు ఒడ్డున విద్యుత్కేంద్రము 1920లో పనిచేయ నారంభించెను. అవి నగరపు దీపములు. పల్లెలకు తీగె వచ్చుటకు చాల కాలము పట్టినది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్థ ఏర్పడుటయు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ కేంద్రమున నెలకొనుటయు, 1970లో సిరిసిల్లలో గ్రామస్థులే సభ్యులుగా సహకార విద్యుత్ సంఘము వెలయుటయు ఈ మార్గములోని మెట్లు. నేడు భూపాలపల్లి ప్రక్కన చెల్పూరులో కాకతీయ కేంద్రము 2010 నుండి బొగ్గుతో విద్యుత్తును పుట్టించుచున్నది. విద్యుత్తు మన ముంగిటనే పుట్టుచున్నను, ఇంటిలోని అతుకు మాత్రము పాతదే.

ఇక అల్యూమినియపు సంగతి. చరిత్రలో ఇది ముఖ్యమైన ఘట్టము; దీనిని కొంత విరివిగ చెప్పవలెను.

స్వాతంత్ర్యానంతరము మన దేశమునకు రాగి కొఱత. గనులు తక్కువ, పరదేశమునుండి తెచ్చుకొనుటకు విదేశీ ద్రవ్యము లేదు. అల్యూమినియము మనదేశముననే తయారగును, తేలిక, చవుక. కనుక స్తంభముల తీగెలు మాత్రమే గాక ఇండ్లలోని తీగెలును అల్యూమినియముతో చేయబడినవి. ఆ నిర్ణయమును నేను తప్పుపట్టను. రాగి కొఱకే కాచియుండిన మన పల్లెలు ఇంకెన్నాళ్లో చీకటిలో నుండెడివి. అల్యూమినియము రాగి ప్రవహింపజేయుదానిలో నూటికి 61 వంతులు ప్రవహింపజేయును. తీగెను కొంచెము లావుగ తీసికొన్న సరిపోవును. తప్పు తీగెలో లేదు. రాగికి చేయు అతుకునే అల్యూమినియమునకును చేయుటలో నున్నది.

అల్యూమినియమును గీకి తెల్లగ చేసిన క్షణముననే గాలి తగిలి దానిపై సన్నని పొర ఏర్పడును. కంటికి కనబడని ఆ పొర విద్యుత్తునకు అడ్డుగోడ. రెండవది, ఈ లోహము మెత్తన. మర క్రింద బిగించిన కొంతకాలమునకు అది నలిగి ప్రక్కకు జారును. నాడు బిగువైన మర నేడు వదులగును. మూడవది, వేడిచేసిన రాగి పదిలక్షల వంతులలో పదియేడు వంతులు పెరుగుచోట అల్యూమినియము ఇరువదిమూడు వంతులు పెరుగును. పగలు వేడెక్కి రాత్రి చల్లబడు ప్రతిసారియు అతుకు కొంచెము కొంచెము సడలును. ఇక రాగిని, అల్యూమినియమును నేరుగ కలిపి మెలిపెట్టి దానికి వానచెమ్మ తగిలిన, రెండు లోహముల నడుమ ఘటము పుట్టి అల్యూమినియమును తినివేయును. గంగారపు ఇంట మాడినది అట్టిదే.

ఈ పొరపాటు మనది మాత్రమే కాదు. అమెరికాలో 1965 మొదలు 1973 వఱకు రాగి వెల పెరిగినందున లక్షలాది ఇండ్లకు అల్యూమినియపు తీగెలు వేసిరి. పిదప ఇండ్లు కాలుట చూచి అచ్చటి ప్రభుత్వపు వినియోగవస్తు భద్రతా సంఘము పరిశోధన చేయించెను. 1972కు పూర్వము అల్యూమినియము వేసిన ఇంట అతుకులు అగ్నిప్రమాదస్థితికి వచ్చు అవకాశము రాగి ఇంటికంటె 55 రెట్లని తేలినది. ధనిక దేశమైనంత మాత్రమున లోహముల స్వభావము మారదు గదా.

ఇప్పుడు ఇంటి పెద్ద ప్రశ్నకు వత్తము. బల్బు వెలుగుచుండగనే అతుకు ఎట్లు కాలెను? జూల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1840 ప్రాంతమున కనుగొనిన సూత్ర మొకటి కలదు: అడ్డు కలిగిన చోట పుట్టు వేడి, విద్యుత్తు రెట్టింపైనచో రెట్టింపుగాక నాలుగు రెట్లగును. ఆ ఇంటికి తీగె వేసిననాడు వెలిగినది 60 వాట్ల బల్బు. నేడు అదే తీగెపై 1500 వాట్ల నీటి హీటరు పెట్టిరి. విద్యుత్తు ఇరువదియైదు రెట్లు పెరిగినది. అతుకులో వేడి 625 రెట్లు పెరిగినది. అతుకులోని అడ్డు ఓములో పదియవ వంతు అనుకొందము. బల్బు కాలమున అచ్చట పుట్టిన వేడి వాటులో నూఱవ వంతునకును తక్కువ; నేడు నాలుగు వాట్లకు పైన. చింతగింజంత చోట, గాలి సోకని టేపు చుట్టలో, నాలుగు వాట్ల వేడి దినదినము పుట్టిన, మొదట టేపు ఎండును, పిదప తీగెపై పూత మెత్తబడును. వేడివలన అతుకు ఇంకను సడలును. సడలినకొలది అడ్డు పెరుగును. అడ్డు పెరిగినకొలది వేడి పెరుగును. పైన ఎండుకలప, గడ్డి యున్నచో చెప్పనక్కఱలేదు.

ఇచ్చట పలువురు పొరపడు సంగతి యొకటి కలదు. "మాకు ఫ్యూజు ఉన్నది, ట్రిప్పు మీట ఉన్నది, భయమేమి?" అందురు. ఫ్యూజు మితిమీరిన విద్యుత్తు పోయినప్పుడే తెగును. సడలిన అతుకులో పోవునది మితమైన విద్యుత్తే. మఱి కొంచెము తక్కువయు. కనుక ఫ్యూజు కాలదు, మీట పడదు. భూమిలోనికి కారు విద్యుత్తును పట్టు మీటయు దీనిని పట్టజాలదు; ఆ మీట మనిషి ప్రాణమునకు కాపు, దానిని తప్పక పెట్టించుకొనవలసినదే, కాని వేడెక్కిన అతుకును అది యెఱుగదు. ఎఱుగునవి మన కన్ను, ముక్కు, చేయి. దీపము మినుకుమినుకు మనుట, బోర్డు వెచ్చనగుట, మాడిన వాసన, స్విచ్చి ప్రక్క తెల్లగోడ గోధుమవన్నె తిరుగుట, ఇవే గుర్తులు. గోడను వెలుపల మాత్రమే తాకి చూడవలెను.

స్ప్రింగు కనెక్టరు కథ ఈ వేడి సంగతితోనే ముడిపడియున్నది. మర ఒకసారి బిగించినంతనే నిలుచును. లోహము నలిగినను, వేడికి సడలినను దానిని వెంబడింపదు. స్ప్రింగు వెంబడించును. జర్మనీలోని మిండెను పట్టణమున 1951లో నెలకొన్న వాగో అను సంస్థ స్ప్రింగుతో తీగెను పట్టు కనెక్టరులనే తన వృత్తిగ చేసికొనెను. మొదట తీగెను నెట్టిన పట్టునవి, పిదప మీట ఎత్తి తీగె పెట్టి మీట దించునవి వచ్చినవి. నెట్టుడు రకమునకు ఒంటితీగె కావలెను. పెక్కు సన్నపోగుల తీగెకు అది తగదు. మన అంగళ్లలో నేడు దొరకు రాగి తీగె పోగుల తీగెయే గనుక మన ఇండ్లకు మీటరకమే మేలు. సాధారణపు రకము 4 చదరపు మిల్లీమీటర్ల తీగె వఱకు పట్టును. అవే ఆకారముతో పేరులేని నకళ్లును చవుకగ అమ్ముచున్నారు. ప్లాస్టికు మంటకు కరగి కారునదా, లోని స్ప్రింగు ఉక్కుదా రేకుదా అని చూడక కొన్నవాడు టేపుతో సరిపెట్టుకొనుటయే నయము.

పింగాణి కనెక్టరును నేను తీసివేయుమనను. రాగి తీగెకు, మరలు రెండేసి యుండి, ఇత్తడి గొట్టము లావుగ నున్నచో అది మంచి పనిముట్టు, వేడికి జడియదు. కాని పోగుల తీగెను దానిలో పెట్టునపుడు మర కొన పోగులను కోయును. కొనకు సన్నని రాగి తొడుగు వేసి నొక్కి పెట్టవలెను. కొందఱు జాగ్రత్తయని కొనకు సీసపు టాంకా పోసి మరక్రింద బిగింతురు. ఇది మేలుచేయుచున్నట్లు కనబడు కీడు. సీసము మెత్తన; మర బిగువునకు మెల్లగ జారిపోవును, మరల సడలును.

పాత అల్యూమినియపు తీగె ఇంటనుండగా దానిని రాగితో కలుపవలసి వచ్చిన, మెలిపెట్టుట ఎంతమాత్రము కూడదు. అల్యూమినియమునకు తగినదని తయారుచేసినవారు స్పష్టముగ చెప్పిన కనెక్టరును, గాలి సోకకుండ కాపాడు గ్రీజుతో వాడవలెను. లావు తీగెలకు ఒకవైపు రాగి, ఒకవైపు అల్యూమినియము గల లగ్గును యంత్రముతో నొక్కించవలెను. డబ్బు కుదిరినచో తీగెనే మార్చుట ఉత్తమము. బావి మోటారుకు నీటిలో మునుగు అతుకు వేఱొక విద్య. దానికి నీరు చొరని కిట్లున్నవి, ఇంటి టేపు అచ్చట చావుతో సమానము.

అతుకు ఎట్టిదైనను దానిని గోడ గారలో పూడ్చరాదు. మూతగల పెట్టెలో ఉంచవలెను, మూత విప్పి చూడ వీలుండవలెను. మన పూర్వపు పనివారు ఇంకొక మంచి పద్ధతి ఎఱుగుదురు: నడుమ అతుకే లేకుండ తీగెను స్విచ్చి నుండి స్విచ్చికి త్రిప్పి, అతుకులన్నియు స్విచ్చి మరల క్రిందనే వచ్చునట్లు చేయుట. తీగె కొంచెము ఎక్కువ పట్టును. ఆ నాలుగు గజముల తీగె వెల చూచి నడుమ మెలిపెట్టువాడే ఎక్కువ. 1956 నాటి విద్యుత్ నియమములలో ఈ పని లైసెన్సు గల గుత్తదారు మాత్రమే చేయవలెనని ఉండెను. మన గ్రామములలో మోటారు బాగుచేయు కుఱ్ఱవాడే ఇంటి తీగెయు వేయును. అతనిని నిందించుట నా ఉద్దేశము కాదు. పలువురు చేతిపని తెలిసినవారే. అతనికి మంచి కనెక్టరు కొనుటకు పది రూపాయలు ఎవరు ఇచ్చుచున్నారు? "టేపు చుట్టి పో" అని చెప్పినవారము మనమే.

ఇంటిలోని అతుకులకంటె భయంకరమైనది ఇంటి వెలుపలి అతుకొకటి కలదు, న్యూట్రలు అతుకు. స్తంభముపై మూడు ఫేజులు, ఒక న్యూట్రలు వచ్చును. ఫేజుకును న్యూట్రలునకును నడుమ 230 వోల్టులు. రెండు ఫేజుల నడుమ 400 వోల్టులు. వీథిలో న్యూట్రలు అతుకు ఊడినచో, తక్కువ బరువున్న ఇంటిలోనికి 400 దాపునకు వోల్టేజి తోసికొని వచ్చును. ఒక ఇంట దీపములు మసకబారి ప్రక్కయింట దీపములు కన్నులు చెదరునట్లు వెలిగిన, వెంటనే మెయిను ఆపవలెను. ఫ్యాను, ఫ్రిజ్జు, టెలివిజను ఒక్క నిమిషములో మాడిపోవుట అప్పుడే.

గంగారపు ఇంట ఆ సాయంకాలమునకు నాలుగు అతుకులును తీసివేసి, మాడినచోట తీగెనే మార్చి, మిగిలినచోట మీటగల కనెక్టరులను మూతపెట్టెలలో పెట్టిరి. ఇంటి పెద్ద మాడిన ముక్కను పాఱవేయనీయక కిటికీగూట పెట్టించెను. తలయెత్తి చూడగా గడప ఎదుటి స్తంభముపై సర్వీసు తీగెను చేతితో మెలిపెట్టి కట్టియున్నట్లు కనబడెను. దానిని మనము తాకరాదు. అది విద్యుత్ సంస్థవారి సొత్తు. ఆయన మనుమడు ఫోనులో 1912 సంఖ్యకు ఫిర్యాదు చెప్పుచుండగా నేను సెలవు పుచ్చుకొంటిని.